రెండో కొండగుర్తు

పోయిన వారం నన్ను కలరింగ్ గది గుమ్మంలో నిలబెట్టి మీరు పుస్తకం మూసేశారు. వారం రోజులుగా అక్కడే ఉన్నాను, కాళ్లు పీకుతున్నాయి. లోపలికి వెళ్లేముందు, కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు ధనశ్రీ. జాలరిపేట పిల్లని. ఐదేళ్ల కిందట మా నాన్న అప్పలరాజు ఒక సినిమా షూటింగుకి పడవ తీసుకెళ్లి తిరిగి రాలేదు. ఆయనతో పడవెక్కిన మా పేట కుర్రాడు రాము కూడా రాలేదు. మూడో రోజు ఇద్దరూ రుషికొండ దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చారు. ఆ షూటింగు కెమెరామన్ హెన్రీ పోలీసులకి రాసిచ్చిన కాగితంలో ఏముందంటే: ఒడ్డు నుంచి అరకిలోమీటరు లోపే షాటు తీశారట. అయిపోయాక కెమెరా పడవ వెనక్కి వచ్చేసిందట. తాగి ఉన్న అప్పలరాజు తనంతట తానే సముద్రం లోపలికి పోయి, తను చచ్చి, రాముని కూడా చంపాడట. మా నాన్న జన్మలో చుక్క ముట్టలేదని చెప్పను, అబద్ధం దేనికి. కానీ పడవెక్కే రోజు మాత్రం ముట్టడు. అది పేటలో అందరికీ తెలుసు. తెలిసీ కాగితాన్నే నమ్మారు.

మా పేటలో గంగమ్మ పండగనాడు సముద్రంలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలిచి నీళ్లలో పువ్వులు వదులుతారు. ఐదేళ్లుగా రాము పేరు పిలుస్తున్నారు. మా నాన్న పేరు పిలవడం లేదు. మా అమ్మ పాపాయమ్మ ఎదురుపడితే రాము తల్లి అసిరమ్మ ఉమ్మేసి పోతుంది. మా అమ్మ చేపల బుట్ట మా ఒడ్డున దించనివ్వరు.

అందుకే వెళ్లి హెన్రీ దగ్గరే పనికి చేరాను. గాజువాక పిల్లనని చెప్పాను. మూడేళ్లుగా ఆయనకి ఫోకస్ పుల్లర్ని. అంటే కెమెరా పక్కన నిలబడి, ఎదుటి మనిషి కదిలినకొద్దీ మొహం మసకబారకుండా లెన్సు తిప్పే మనిషిని. మూడేళ్లు ఆయన మొహం చూసి నవ్వాను. ఆ నవ్వులన్నిటికీ ఈ రోజు బాకీ వసూలు చేసుకోవాలి. సాయంత్రం ఐదింటికి పేటలో రెండు పడవల మధ్య తెర కడతారు. "రుజువుంటే సూపించవే గుంటా, నేకపోతే ఇంక ఆ మాటెత్తకు" అని కులపెద్ద కబురు పెట్టాడు.

అదీ సంగతి. ఇక లోపలికి రండి.

* * *

ఎంవీపీ కాలనీలో మేడమీద గది అది. బయట మధ్యాహ్నం మూడింటి ఎండ మండుతోంది, లోపల నల్ల తెరలు, చల్లటి ఏసీ. గోడంత తెర ముందు దేవకుమారి అక్క కూర్చుని ఉంది. వైజాగులో సినిమాలకి రంగులు దిద్దేవాళ్లలో అక్క చెయ్యి చల్లనిది అంటారు. ఆదివారం చర్చిలో పాట పాడే గొంతుతోనే మిగతా ఆరు రోజులూ మమ్మల్ని తిడుతుంది. నా సంగతి పేటలో కాక బయట తెలిసింది ఆవిడకి ఒక్కర్తెకే.

వెనక సోఫాలో తాతబాబు మావ. మా అమ్మకి అన్న. తలకి తువ్వాలు చుట్టి, ఇంకో కొస మొహం మీదికి లాక్కుని, ఏసీకి ముడుచుకుని కూర్చున్నాడు. నాన్న పోయాక మా ఇంటి రేకులు మార్చింది మావ. హార్బరు నుంచి అమ్మ బుట్ట మోసుకొచ్చింది మావ. పేటంతా మొహం తిప్పుకున్నప్పుడు మా గుమ్మం తొక్కింది మావ ఒక్కడే. ఈయన్ని ఈ సోఫా దాకా తీసుకురావడానికి నాకు వారం పట్టింది. ఒక రోజు మోకాళ్లు, ఒక రోజు కళ్లు, ఒక రోజు వల చిరిగింది. చివరికి "నువ్వు రాకపోతే పేటలో ఇంకెవుర్ని అడగమంటావు మావా?" అంటే లేచాడు.

ఆయనతో నాకు పనేమిటో చెప్పాలి. సముద్రం మీద వీధుల పేర్లుండవు, మలుపులుండవు. మావాళ్లు చోటుని కొండలతో గుర్తుపెట్టుకుంటారు. ఒడ్డు దగ్గరున్న కొండ అంచుకి, దూరంగా ఉన్న కొండ కొస వచ్చి తగిలిందంటే పడవ ఒక గీత మీద ఉన్నట్టు. అదే కొండగుర్తు. ఇప్పుడు ఫోనులో దారి చూపించేవి వచ్చాయి గానీ, మావ వయసు వాళ్లకి ఇంకా కొండలే చెబుతాయి.

హెన్రీకి పేరు తెచ్చిపెట్టింది ఆ రోజు తీసిన షాటే. ట్రైలర్‌లో నాలుగు సెకన్లు. కెరటం మీద పడవ లేస్తుంది, కొసన మా నాన్న నిలబడి ఉంటాడు, వెనక కొండలు. అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడు హెన్రీ ఇరవై ఏళ్ల పనికి ఎవరో సన్మానం పెట్టారు, అక్కడ పెద్ద తెర మీద ఆ షాటుని కొత్త రంగులతో వెయ్యాలని ఆయన కోరిక. దానికోసం నిన్న అసలు బొమ్మ ఉన్న డ్రైవుని తీసి నా చేతికే ఇచ్చాడు. ఐదేళ్లు ఎవరూ అడగని దాన్ని చూసి ఎవడు మాత్రం భయపడతాడు? రెండే షరతులు పెట్టాడు. "నేను గీసిన ఫ్రేము దాటి తెరవకండి. సౌండ్ వద్దు, మ్యూజిక్ వేస్తాం." దేవకుమారి అక్క మాట మీద నిలబడే మనిషి. ఆయన ఎదురుగా తప్ప ఆ ఫ్రేము దాటనంది. అందుకే ఆయన వచ్చేదాకా ఆగాను.

తలుపు తీసుకుని హెన్రీ వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో కళ్లజోడు. ఎవరు కనబడ్డా పేరడిగి, ఊరడిగి, భుజం తట్టే మనిషి. లైట్ బాయ్ పెళ్లాం పేరు కూడా గుర్తుపెట్టుకుంటాడు. సోఫాలో ముడుచుకున్న మావని ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

"మా మావయ్య సార్. బొమ్మ చూస్తానంటే తీసుకొచ్చాను."

"చూడనీ" అన్నాడు, తెర వైపే చూస్తూ.

అక్క ట్రైలర్ షాటు పెట్టి ఆపింది. నాలుగు వందల సార్లు చూసుంటాను దాన్ని. అయినా నాన్న మీసం కనబడగానే చూపు పక్కకి పోయింది. మళ్లీ తెర మీదికి తెచ్చాను. ఏడవడానికి కాదు వచ్చింది.

"మావా, ఇది ఏ తావు?"

మావ తువ్వాలు సందులోంచి తెర చూశాడు. తరవాత తువ్వాలు లోపల్నుంచి గొంతు వచ్చింది, నిద్రలో మాట్లాడుతున్నట్టు.

"సింగాచలం కొండ కొస కైలాసగిరి ముక్కుకి తగిలింది. జంటరాళ్ల మీదున్నాది పడవ. పద్దెనిమిది బారల లోతు."

జంటరాళ్లంటే పేటలో పిల్లలకి కూడా తెలుసు. సముద్రం అడుగున రెండు బండలుంటాయి, వలలు చిక్కుకుంటాయి, కెరటం ఊరికే విరుచుకుపడుతుంది. ఒడ్డు నుంచి నాలుగు కిలోమీటర్ల పైనే.

"విన్నారా సార్? అరకిలోమీటరు అని రాసిచ్చారు మీరు."

హెన్రీ మెల్లగా కుర్చీ తిప్పాడు. మొహంలో కోపం లేదు, క్లాసులో తప్పు జవాబు విన్న మేష్టారి నవ్వు ఉంది. "ఏంటిదంతా ధనా? పెద్దాయన కొండలు దూరంగా ఉన్నాయని అలా అనుకుంటున్నాడు. నేను వేసింది వైడ్ లెన్స్. వైడ్ వేస్తే వెనకున్నవన్నీ దూరం జరిగినట్టుంటాయి. ఇది కూడా తెలీకుండా మూడేళ్లు నా దగ్గర ఏం చేశావు?"

ఈ మాట కోసమే మూడేళ్లు కాచుకున్నాను. దేవుడున్నాడో లేడో గానీ, సరిగ్గా ఆ మాటే అనిపించాడు ఆయన చేత.

బల్ల మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఒకటి ముందు, ఇంకొకటి కొంచెం వెనక, పక్కకి పెట్టాను. ఫోను తీసి కెమెరా ఆన్ చేసి ఆయన మొహం ముందు పెట్టాను.

"మీ దగ్గర చేరిన మొదటి రోజు మీరు చెప్పిన పాఠం సార్. ఇదిగో, వైడ్. వెనక గ్లాసు చిన్నదైంది. ఇదిగో, దగ్గరికి లాగాను. పెద్దదైంది. కానీ ముందు గ్లాసు అంచుకి వెనక గ్లాసు అంచు తగిలిన చోటు మారిందా? మారలేదు. అది మారాలంటే లెన్సు కాదు, నిలబడ్డ మనిషి జరగాలి. 'లెన్సు సైజు మారుస్తుంది, చోటు మాత్రం నీ కాళ్లే మారుస్తాయి' అన్నారు మీరు. రాసుకున్నాను. కొండలు కూడా అంతే. మీరే లెన్సు వేసినా ఆ కొస ఆ ముక్కుకి తగలదు, మీరు ఆ గీత మీద ఉంటే తప్ప."

దేవకుమారి అక్క "ప్రభువా" అంది నెమ్మదిగా.

హెన్రీ నవ్వు ఆగింది. మెడలో కళ్లజోడు తీసి తుడిచి కళ్లకి పెట్టుకున్నాడు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "ఎవరు నువ్వు?"

"ఆ పడవ కొసన నిలబడ్డాడే, ఆయన కూతుర్ని. తాగుబోతు అప్పలరాజు కూతుర్ని."

ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్లు తాగినట్టుంది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం కళ్లారా చూశాను. ఇంకా చూడాలనిపించింది. లైటు వేసి చూడాలనిపించింది. మూడేళ్లు ఆయన బ్యాగు మోశాను, ఆయన కాఫీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకున్నాను, ఆయన పుట్టినరోజుకి కేకు పట్టుకెళ్లాను. ఒక్కొక్కటీ ఇప్పుడు వడ్డీతో సహా దిగుతోంది.

కానీ మనిషి తక్కువవాడు కాదు. పాము చచ్చినా పడగ దించదు. రెండు నిమిషాల్లో గొంతు సర్దుకున్నాడు.

"సరే. పాఠం బాగానే నేర్చుకున్నావు. మరి సగమే ఎందుకు చెబుతున్నావు? రెండు కొండలు కలిస్తే ఒక గీత వస్తుంది. గీత మాత్రమే. ఆ గీత ఒడ్డు దగ్గర్నుంచి సముద్రం నడిమధ్య దాకా పోతుంది. నేను దాని మీద అరకిలోమీటరు దగ్గరున్నా కొస ముక్కుకి తగులుతుంది, నాలుగు కిలోమీటర్ల దగ్గరున్నా తగులుతుంది. దీనితో ఏం రుజువు చేస్తావు? మీ పెద్దల్లో ఒక్కడికి బుర్ర ఉన్నా ఇదే అడుగుతాడు."

నిజమే. నాకూ తెలుసు. చిన్నప్పుడు నాన్న నన్ను పడవ కొసన కూర్చోబెట్టుకుని చెప్పిన మొదటి మాట అది. "ఒక కొండగుర్తుని నమ్మితే తప్పిపోతావమ్మా. గీత మీద ఎక్కడున్నామో తెల్దు. రెండో పక్క ఇంకో కొండగుర్తు పట్టు. రెండు గీతలు ఎక్కడ కలిత్తే అదే తావు."

"రెండోది కూడా ఉంది సార్" అన్నాను. "ట్రైలర్‌లో మీరు బొమ్మని దగ్గరికి లాగి ఎడమవైపు కోసేశారు. అసలు బొమ్మలో ఉంటుంది. అక్కా, తెరువు."

హెన్రీ లేచి డ్రైవు మీద చెయ్యి వేశాడు. వైరు పీకేశాడు. అక్క కదల్లేదు. కీబోర్డు మీంచి చెయ్యి కూడా తియ్యలేదు.

"నిన్ననే రెండు కాపీలు తీశాం సార్" అంది. "షూటింగులో మీరు రోజూ అరుస్తారు కదా, ఒక్క కాపీ ఉంటే లేనట్టే లెక్కని."

ఆయన చేతిలో డ్రైవు, దానికి వేలాడే వైరు. నేను నవ్వాను. ఈసారి నిజం నవ్వు.

తెర మీద అసలు బొమ్మ వచ్చింది. రంగు దిద్దని బొమ్మ, కడిగిన బియ్యం నీళ్లలా పాలిపోయి ఉంది. అక్క ఒక బటన్ నొక్కగానే ఆకాశానికి నీలం, నాన్న చొక్కాకి ఎరుపు వచ్చాయి. అక్క ఫ్రేము అంచులు మెల్లగా వెనక్కి జరిపింది. ఎడమవైపు కొత్తగా తెరుచుకుంది.

డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్. సరిగ్గా దాని వెనకే యారాడ కొండ శిఖరం. సూది బెజ్జంలో దారం ఎక్కించినట్టు ఒకదాని మీద ఒకటి.

రెండో కొండగుర్తు. రెండు గీతలూ మనసులో గీసి చూసుకున్నాను, కలిసింది జంటరాళ్ల దగ్గరే. పద్దెనిమిది బారల లోతు. మావ చెప్పిన చోటే, అంగుళం తేడా లేదు.

"అయిపోయింది సార్. ఐదింటికి పేటంతా చూస్తుంది. మీ సన్మానం కన్నా పెద్ద తెర."

హెన్రీ కుర్చీలో కూలబడ్డాడు. నేను గెలిచాను. నాన్న పేరు గెలిచింది. వెనక్కి తిరిగి మావ భుజాలు పట్టుకుని ఊపేద్దామనుకున్నాను. రెండడుగులు వేశాను.

మూడో అడుగు పడలేదు.

ట్రైలర్ ముక్కలో ఉన్నది ఒకే కొండగుర్తు. సింహాచలం, కైలాసగిరి, అంతే. లైట్‌హౌస్ అందులో లేదు. కోసేశారు. ఒక గుర్తుతో గీతే తెలుస్తుంది, చోటు తెలియదు. నాన్నకి తెలియదు, కులపెద్దకి తెలియదు, సముద్రంలో పుట్టినవాడికైనా తెలియదు. మరి మావ రెండోది చూడకముందే జంటరాళ్లని ఎలా చెప్పాడు? లోతుతో సహా?

నాన్న కేసులో పెద్దలు కూర్చున్న రోజు మావ చెప్పిన మాట చెవిలో తిరిగింది. "నాను ఆ రోజు యేటకెల్లనేదు. ఒడ్డునే వల బాగుసేసుకుంటన్నాను. ఏటీ సూడనేదు."

"మావా" అన్నాను. "నీకెలా తెలుసు?"

మావ తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాడు.

హెన్రీ కుర్చీలోంచి మెల్లగా అన్నాడు. "కింద కూడా తెరువు దేవకుమారీ. నేను కోసింది ఎడమ పక్క ఒక్కటే కాదు."

అక్క నా వైపు చూసింది. నేను తలూపానో లేదో నాకే తెలియదు. ఫ్రేము కింది అంచు జరిగింది.

కెమెరా ఉన్న పడవ వెనక కొస కనబడింది. ఆ పడవ నడిపింది భీమిలి వైపు మనిషని, పేరు గుర్తులేదని హెన్రీ కాగితంలో రాశాడు. పసుపు రంగు కొస. దాని మీద నీలం చేప బొమ్మ, తోక పైకి వంగి, కన్ను ఒకటి పెద్దది. ఆ చేపని వేసింది నేను. పదేళ్లప్పుడు, మావ కొత్త పడవ దించిన రోజు, ఆయన భుజాల మీద కూర్చుని. తోక తప్పుగా వచ్చిందని ఏడిస్తే "ఒగ్గేయ్, ఇది ఎనక్కి ఈదే సేప" అని నవ్వించాడు.

ఆ కొసకి తాడు కట్టి ఉంది. తాడు రెండో కొస మా నాన్న పడవకి.

ఇన్నేళ్లూ నన్ను కొరికిన ఇంకో ప్రశ్న ఆ తాడుతో తీరిపోయింది. కెరటం మీద పడవ లేచి పడుతున్నా నాన్న మొహం ఒక్క క్షణం కూడా ఎందుకు మసకబారలేదు? ఫోకస్ పుల్లర్‌గా ఎంత ఆలోచించినా అర్థమయ్యేది కాదు. ఒకసారి హెన్రీని అడిగితే అదృష్టం అన్నాడు. అదృష్టం కాదు. తాడు బిగించి లాక్కెళ్తుంటే దూరం మారదు. దూరం మారకపోతే లెన్సు తిప్పే పనే లేదు. తన బొమ్మ కోసం మా నాన్నని పశువుని కట్టినట్టు కట్టి జంటరాళ్ల మీదికి లాగించాడు. లాగిన చెయ్యి మా మావది.

"ఇప్పుడు విను" అన్నాడు హెన్రీ. గొంతు తేలికైంది, బేరం దొరికినవాడి గొంతు. "నేనెలాగూ మునిగాను. మీ మావని ఎందుకు ముంచుతావు? కింద నాలుగు వేళ్ల మేర బొమ్మ కోసెయ్. ఎడమ పక్క ఉంచుకో. మీ నాన్న మంచివాడవుతాడు, నేను చెడ్డవాణ్నవుతాను, పెద్దాయన ఇంటికి పోతాడు. కోయడం నీకు వచ్చు. నేర్పింది నేనే."

ఎంత బాగా చెప్పాడో చూడండి. ఒక్క క్షణం నా మనసు అటు వాలింది, దాచను. ఎవరి రేకుల కింద ఐదేళ్లు తడవకుండా పడుకున్నాను? ఎవరు మోశారు అమ్మ బుట్టని? తరవాత తట్టింది. నేను కోసిన బొమ్మ తెర మీద వేస్తే, ఇదే హెన్రీ లాయర్ని వెంటబెట్టుకొచ్చి "మిగతా బొమ్మ ఏదమ్మా?" అంటాడు. కోసిన బొమ్మ చూపించిన దొంగనవుతాను. నాన్న మళ్లీ తాగుబోతవుతాడు.

అంతకన్నా పెద్ద మంట ఇంకొకటి లోపల రాజుకుంది. హెన్రీ పరాయివాడు. వాడి మీద పగకి ఒక లెక్కుంది. మరి మా ఇంట్లో కూర్చుని, మా అమ్మ పెట్టిన కూడు తిని, అసిరమ్మ ఉమ్మినప్పుడల్లా పక్కనే నిలబడి నేల చూసిన మనిషిని ఏం చెయ్యాలి?

"అక్కా, ఈ షాటు మొత్తం ఎంతుంది?"

"ముప్పై ఎనిమిది సెకన్లు. ట్రైలర్‌లో వాడింది మొదటి నాలుగే."

"సౌండ్ ఉందా?"

"కెమెరా మైకుది ఉంటుంది. మూసేసి ఉంచమన్నారు."

"తెరువు. నడుపు."

"వద్దు గుంటా!" మావ సోఫాలోంచి లేచిపోయాడు. తువ్వాలు జారి కింద పడింది. "నీ కాళ్లట్టుకుంటాను, ముందుకి నడపొద్దమ్మా. అడిగింది సెప్తాను, అన్నీ సెప్తాను. అది మాత్రం వద్దు. నాను రోజూ ఇంటన్నాను దాన్ని. నువ్వినొద్దు."

"నడుపక్కా."

గాలి చప్పుడు ముందొచ్చింది. ఇంజను. హెన్రీ గొంతు, ఐదేళ్లు చిన్నది: "బాగుంది, బాగుంది, ఇంకొంచెం లాగు." నాన్న పడవ లేచింది, పడింది. ఇరవయ్యో సెకను దగ్గర కొండలు మాయమయ్యాయి. వాటికి అడ్డంగా నీళ్లు నిలబడ్డాయి. కెమెరా ఊగిపోయింది. "కెమెరా! కెమెరా తడుస్తది! వదిలించుకో, తిప్పు!" హెన్రీయే. మళ్లీ నాన్న పడవ కనబడేసరికి అది సగం ఒరిగి ఉంది. పక్కన రాము లేడు. నాన్న ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి నీళ్లలోకి చాపి ఉన్నాడు.

అప్పుడు ఆయన గొంతు వచ్చింది. ఐదేళ్ల తరవాత మా నాన్న గొంతు.

"బావా! తాడు కొయ్యకు! రాము నీల్లలో ఉన్నాడు, నా సేతికి దొరికినాడు! బావా, తాడు కొయ్యకు!"

ఆ గొంతులో తాగిన మనిషి లేడు.

తెర కింది అంచులో ఒక చెయ్యి వచ్చింది. కత్తి ఉంది అందులో. తాడు రెండు తుంపులైంది.

అరుపేమీ లేదు ఆ తరవాత, ఇంజను చప్పుడే. నాన్న పడవ వెనక్కి పోతోంది. పోతున్నకొద్దీ ఆయన మొహం మెల్లగా మసకబారుతోంది. దూరం పెరిగితే అంతే మరి, లెన్సు తిప్పేవాళ్లు లేరు. నా కుడిచెయ్యి దానంతట అది గాలిలోకి లేచి తిప్పడం మొదలుపెట్టింది. మీసం పోయింది, కళ్లు పోయాయి, చివరికి ఎర్రచొక్కా మచ్చలా మిగిలింది. నా చెయ్యి తిప్పుతూనే ఉంది. దేవకుమారి అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

గోడ మీద గడియారం నాలుగు చూపిస్తోంది. పేటలో ఈపాటికి తెర గుడ్డ విప్పుతూ ఉంటారు.

"ధనా" అంది అక్క. "ఎంతవరకు ఉంచను?"

నేను మావ వైపు తిరిగాను. నేలమీది తువ్వాలు తీసుకోలేదు ఆయన. చేతులు రెండూ ముందుకి చాపి చూసుకుంటున్నాడు, ఎవరివో అన్నట్టు. వాటినే చూస్తూ అడిగాడు.

"ఆ తెర కాడికి అసిరమ్మ కూడా వత్తాదా?"

"వత్తాది మావా" అన్నాను. "అందరికన్నా ముందు కూకుంటాది. నీ పక్కన."